తేలికపాటి బ్రౌజర్‌లో టూల్‌బార్లు, యాడ్-ఆన్‌లు: మా రీడింగ్ రూమ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

మా రీడింగ్ రూమ్ హనుమకొండలో ఉంది. పుస్తకాల బీరువాల వెనక గోడ వెంట ఆరు కంప్యూటర్లు పెట్టాం. అన్నీ ఎవరో వాడి ఇచ్చినవే. 4 జీబీ ర్యామ్, 1366×768 స్క్రీన్, పాత విండోస్ తీసేసి వేసిన లినక్స్. వాటిలో మొదటి బ్రౌజర్ ఫాల్కన్, రెండోది ఫైర్‌ఫాక్స్. పరకాల, నర్సంపేట, ములుగు నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని గ్రూప్స్‌కి చదివేవాళ్లు, పిల్లల కాలేజీ వెబ్ ఆప్షన్ల కోసం వచ్చే తల్లిదండ్రులు, తెలుగు పేపర్లు చదువుకునే రిటైర్డ్ టీచర్లు వీటి దగ్గర కూర్చుంటారు. కంప్యూటర్ల పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ ఇబ్బంది వచ్చినా రాసి వెళ్లమన్నాం. అందులో మళ్లీమళ్లీ కనిపించిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు కూడా ఇవే పద్ధతులు వాడుకోవచ్చు.

పైన ఏమీ లేదేంటి? బ్రౌజర్ చెడిపోయిందా?

చెడిపోలేదు, మేమే తీసేశాం. ఫైల్, ఎడిట్, వ్యూ అని ఉండే మెనూ బార్, బుక్‌మార్క్‌ల వరస, కింద ఉండే స్టేటస్ బార్, వెతకడానికి విడిగా ఉండే పెట్టె, ఈ నాలుగూ కనిపించవు. ట్యాబ్‌లు, వెనక్కి వెళ్లే బాణం, రీలోడ్, అడ్రస్ బార్, కుడి చివర మెనూ బటన్ మాత్రం ఉంటాయి. వెతకాలన్నా అడ్రస్ బార్‌లోనే తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు.

ఉన్నవి ఎందుకు తీసేశారు? ఉంటే నష్టం ఏంటి?

ఈ ప్రశ్నకు కొంచెం నిదానంగా చెప్పాలి. మేం చేసిన మిగతా మార్పులన్నిటికీ మూలం ఇదే.

మన స్క్రీన్ నిలువు కొలత 768 పిక్సెళ్లు. బ్రౌజర్‌లో ఒక్కో వరస సుమారు 25 నుంచి 40 పిక్సెళ్లు తింటుంది. మెనూ, ట్యాబ్‌లు, అడ్రస్, బుక్‌మార్క్‌లు, స్టేటస్, వీటికి తోడు కంప్యూటర్ సొంత టాస్క్‌బార్. ఆరు వరసలూ కలిపితే 180 దాకా పోతాయి. అంటే చదవడానికి కూర్చున్న మనిషికి స్క్రీన్‌లో దాదాపు నాలుగో వంతు మొదటే లేదు.

ఇంగ్లిష్ చదివేవాళ్ల కంటే తెలుగు చదివేవాళ్లకు ఈ నష్టం ఎక్కువ. మన అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ‘ష’ కింద రెండు ఒత్తులు ఉన్నాయి చూడండి. వాటికి చోటు చాలకపోతే కింది లైన్‌ను తాకుతాయి. అందుకే తెలుగు పేజీలో లైన్‌కీ లైన్‌కీ మధ్య ఎడం ఎక్కువ పెట్టాలి. 18 పిక్సెళ్ల అక్షరానికి లైన్ ఎత్తు 32 దాకా ఉంటేనే కళ్లకు సుఖం. మూడు వరసలు తీసేస్తే మిగిలే 75 పిక్సెళ్లలో రెండు నిండు తెలుగు లైన్లు పడతాయి. రోజుకు ఐదారు గంటలు ఇక్కడే చదివేవాళ్లకు ఆ రెండు లైన్లంటే స్క్రోల్ చేయడం అంత తగ్గినట్టు.

రెండో కారణం, బటన్లు ఎన్ని ఉంటే పొరపాటు నొక్కులు అన్ని. కొత్తగా మౌస్ పట్టినవాళ్లను చూస్తే అర్థమవుతుంది. తెలియని బటన్ నొక్కాక, ఏం నొక్కామో తెలియక వాళ్లు పడే టెన్షన్ చూసే మేం ఈ నిర్ణయం తీసుకున్నాం.

అసలు ఫాల్కన్ ఎవరిది? నమ్మవచ్చా?

డేవిడ్ రోస్కా అనే ప్రోగ్రామర్ 2010లో కప్‌జిల్లా పేరుతో మొదలుపెట్టిన బ్రౌజర్ ఇది. తర్వాత లినక్స్ ప్రపంచంలో పెద్ద సముదాయమైన కేడీఈలో చేరింది. 2018లో ఫాల్కన్ 3.0 అన్న పేరుతో బయటకు వచ్చింది. ఉచితం, దాని కోడ్ ఎవరైనా చదవవచ్చు. పేజీని గీసే ఇంజిన్ మాత్రం దీని సొంతం కాదు, క్యూట్ వెబ్‌ఇంజిన్. దాని లోపల ఉండేది గూగుల్ క్రోమ్‌కు కూడా ఆధారమైన క్రోమియం. క్రోమ్‌లో సరిగ్గా కనిపించే సైట్లు ఇందులోనూ దాదాపు అలాగే కనిపించడానికి కారణం అదే.

తేలిక బ్రౌజర్ అంటున్నారు కదా, పాత కంప్యూటర్ వేగంగా నడుస్తుందా?

కొంత వరకే. బ్రౌజర్ త్వరగా తెరుచుకుంటుంది, పైన చెప్పినట్టు చోటు మిగులుతుంది, వెనక నడిచే అదనపు పనులు తక్కువ. కానీ వీడియోలు, కదిలే ప్రకటనలు నిండిన పేజీ ఏ బ్రౌజర్‌లోనైనా బరువే, ఎందుకంటే ఇంజిన్ చేసే పని మారదు. 4 జీబీలో పది ట్యాబ్‌లు తెరిస్తే ఫాల్కన్ కూడా ఆయాసపడుతుంది. వేగంలో నిజంగా తేడా తెచ్చేది ప్రకటనలను ఆపడం, అవసరం తీరిన ట్యాబ్‌ను మూసేయడం. ఈ రెండూ చేసి చూడండి.

మెనూ బార్ కావాలి. ఎలా తెచ్చుకోవాలి?

ఫాల్కన్‌లో కుడి చివర మెనూ బటన్ నొక్కి, వ్యూలో టూల్‌బార్స్‌కి వెళితే మెనూ బార్, నావిగేషన్ టూల్‌బార్, బుక్‌మార్క్స్ టూల్‌బార్ అని ఉంటాయి. కావలసినదానికి టిక్ పెట్టండి.

ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఒక్కసారి ఆల్ట్ కీ నొక్కి వదలండి. మెనూ బార్ కనిపిస్తుంది, పని అయ్యాక దానంతట అదే దాక్కుంటుంది. ఎప్పుడూ ఉండాలంటే ట్యాబ్‌ల పక్కన ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి మెనూ బార్‌కు టిక్ పెట్టాలి. నా మాట వింటే ఆల్ట్ అలవాటు చేసుకోండి.

బటన్లను నాకు నచ్చినట్టు మార్చుకోవచ్చా?

మీ సొంత ల్యాప్‌టాప్‌లో నిరభ్యంతరంగా. ఫాల్కన్‌లో అడ్రస్ బార్ ఉన్న వరస మీద రైట్ క్లిక్ చేస్తే కాన్ఫిగర్ టూల్‌బార్ వస్తుంది. దొరికే బటన్లు ఒక పక్క, ఇప్పుడు వాడుతున్నవి మరో పక్క కనిపిస్తాయి. అటూ ఇటూ మార్చుకోవడమే.

ఫైర్‌ఫాక్స్‌లో అదే రైట్ క్లిక్‌తో కస్టమైజ్ టూల్‌బార్ తెరవండి. బటన్‌ను మౌస్‌తో పట్టుకుని పైకి లాగితే వస్తుంది, కిందికి లాగితే పోతుంది. అడ్రస్ బార్‌కు రెండు పక్కలా ఊరికే ఖాళీగా ఉండే తునకలు కనిపిస్తాయి. మొదట వాటిని లాగేయండి, అడ్రస్ బార్ పొడవు పెరుగుతుంది. అంతా గందరగోళం అయితే భయపడకండి. అదే పేజీలో అడుగున రిస్టోర్ డిఫాల్ట్స్ అనే బటన్ ఉంది. అది టూల్‌బార్లను మొదటి రూపానికి తెస్తుంది, మీ బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు ఎక్కడివి అక్కడే ఉంటాయి.

ఇక్కడి ఆరు కంప్యూటర్లలో మాత్రం దయచేసి మార్చకండి. మీ తర్వాత వచ్చే మనిషి వెనక్కి బాణం ఎక్కడుందని వెతుక్కోవలసి వస్తుంది.

బుక్‌మార్క్‌ల వరస లేకపోతే రోజూ చూసే సైట్లు ఎలా?

ఫైర్‌ఫాక్స్‌లో దానికి మూడు పద్ధతులు ఉన్నాయి: ఎప్పుడూ కనిపించడం, కొత్త ట్యాబ్‌లో మాత్రమే కనిపించడం, అసలు కనిపించకపోవడం. మధ్యది ఎంచుకోండి. కొత్త ట్యాబ్ తెరిచినప్పుడే కదా ఎక్కడికి వెళ్లాలా అని చూస్తాం. పేజీ తెరుచుకోగానే వరస మాయమవుతుంది, చదవడానికి చోటు మిగులుతుంది. చూపించడానికీ దాచడానికీ కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కినా సరిపోతుంది.

బుక్‌మార్క్ పేరు తీసేసి బొమ్మ మాత్రం ఉంచితే ఇంకో పది పడతాయి. పరీక్షల సైట్లు ఒక ఫోల్డర్, పేపర్లు ఒక ఫోల్డర్ చేసుకుంటే ఇంకా మేలు. ఫాల్కన్‌లో కొత్త ట్యాబ్ తెరవగానే స్పీడ్ డయల్ అని పెద్ద గళ్లు కనిపిస్తాయి. ఎక్కువమంది అడిగే సైట్లు అక్కడ పెట్టాం.

స్క్రీన్ అంతా పేజీయే నిండిపోయింది, మూసే గుర్తు కూడా లేదు!

ఎఫ్11 నొక్కి ఉంటారు. మళ్లీ ఎఫ్11 నొక్కండి.

వెనకటికి డౌన్‌లోడ్ చేస్తే వాటంతట అవే వచ్చి కూర్చునే టూల్‌బార్లు, ఇవీ ఒకటేనా?

కావు. అవి వేరే కథ, కానీ గుర్తుంచుకోదగ్గ కథ.

2000 ప్రాంతంలో బ్రౌజర్లలో వెతకడానికి సరైన పెట్టె ఉండేది కాదు, ఎగిరి పడే ప్రకటనలను ఆపే దారీ ఉండేది కాదు. 2000 డిసెంబరులో గూగుల్ తన టూల్‌బార్‌ను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం తెచ్చింది. జనం దాన్ని ఇష్టంగానే పెట్టుకున్నారు, అవసరం అలాంటిది. తర్వాత ఆ పనులన్నీ బ్రౌజర్లే చేయడం నేర్చుకున్నాయి. ఆ టూల్‌బార్‌ను 2021 డిసెంబరులో ఆపేశారు.

ఆ రెండు తేదీల మధ్య కాలంలో మిగతావాళ్లు ఆ చోటును ఎలా వాడుకున్నారో నేను కళ్లారా చూశాను. డిగ్రీ చదివే రోజుల్లో గంటకు ఇంతని కట్టి కూర్చునే నెట్ సెంటర్‌లో ఒక కంప్యూటర్‌కు నాలుగు టూల్‌బార్లు ఉండేవి, ఒకదాని కింద ఒకటి. ఉచితంగా దొరికే ఏదో ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్ పెట్టి ఉన్న గళ్లను ఎవరూ చూడక, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కేయడంతో వచ్చి పడ్డవి. నా పరీక్ష ఫలితం పేజీ చిన్న సందులోంచి చూసినట్టు కనిపించింది. నంబరు కింద ఉన్న మార్కుల కోసం ఎంత స్క్రోల్ చేశానో ఇప్పటికీ గుర్తు.

విండోస్‌లో ఇప్పుడు కూడా ఉచిత సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు కస్టమ్ అన్న దారి ఎంచుకుని, ప్రతి టిక్కూ చదివి తీసేయండి. హోమ్‌పేజీ దానంతట అది మారిపోయిందంటే అలాంటిదే ఏదో లోపలికి వచ్చిందని అర్థం.

యాడ్-ఆన్, ఎక్స్‌టెన్షన్, ప్లగిన్, థీమ్: ఇవన్నీ ఏంటి?

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు కొత్త పని నేర్పే చిన్న ప్రోగ్రామ్. థీమ్ అంటే రంగులు. ఈ రెండిటినీ కలిపి ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్‌లు అంటుంది. ప్లగిన్ అన్నది పాత మాట, ఫ్లాష్ లాంటి వాటికి వాడేవారు. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది. ఇప్పుడు ఏ సైటైనా ఫ్లాష్ ఇన్‌స్టాల్ చేయమంటే అది మోసమే, మూసేయండి.

ఎక్స్‌టెన్షన్ అన్న ఆలోచన పెరిగింది కూడా తేలికగా ఉండాలన్న కోరికలోంచే. 2002లో మొజిల్లా వాళ్ల బ్రౌజర్ మెయిల్, పేజీలు రాసే పనిముట్టు అన్నీ కలిపిన పెద్ద మూట. అందులోంచి బ్రౌజర్ ఒక్కదాన్నే విడదీసి ఫీనిక్స్ అని వదిలారు. అందరికీ అవసరమైనవి లోపల ఉంచి, కొందరికే కావలసినవి వాళ్లే తగిలించుకునేలా చేశారు. ఆ ఫీనిక్సే 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 అయింది.

క్రోమ్ స్టోర్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్ ఫాల్కన్‌లో వేసుకోవచ్చా?

వేసుకోలేరు. ఇంజిన్ క్రోమియందే అయినా ఫాల్కన్ ఆ స్టోర్‌లోని వాటిని తీసుకోదు. దానికి సొంతంగా కొన్ని ఉన్నాయి. ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరిస్తే జాబితా కనిపిస్తుంది: పేజీలకు చిన్న స్క్రిప్టులు జోడించే గ్రీజ్‌మంకీ, మౌస్ కదలికతో వెనక్కీ ముందుకీ వెళ్లే మౌస్ జెశ్చర్స్, ట్యాబ్‌లను పక్కకు పేర్చే వర్టికల్ ట్యాబ్స్ లాంటివి. టిక్ పెడితే మొదలు, తీస్తే ఆగుతుంది. ప్రకటనలను ఆపే యాడ్‌బ్లాక్ అయితే బ్రౌజర్‌తోనే వస్తుంది.

మేం వర్టికల్ ట్యాబ్స్ ఒక్కటే పెట్టి చూశాం. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న స్క్రీన్‌కు అది న్యాయంగానే ఉంది, కానీ కొత్తవాళ్లు తికమకపడ్డారు. ఐదో నంబరు కంప్యూటర్‌లో మాత్రం ఉంచాం, అలవాటున్నవాళ్లు అక్కడ కూర్చుంటారు.

నాకు నచ్చిన యాడ్-ఆన్ ఫైర్‌ఫాక్స్‌లో వేసుకోనివ్వరెందుకు?

ఎందుకంటే ఆ కంప్యూటర్ మీ ఒక్కరిదే కాదు. యాడ్-ఆన్ వేసేటప్పుడు ఒక చిన్న పెట్టె వచ్చి, అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చూడటానికి, మార్చడానికి అనుమతి కావాలని అడుగుతుంది. చాలామంది చదవకుండా యాడ్ నొక్కేస్తారు. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకోవాలి. మీరు తెరిచే ప్రతి పేజీనీ అది చదవగలదు. మీరు టైప్ చేసే ఆధార్ నంబరు, హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డ్ కూడా ఆ పేజీలోవే. ఇంట్లోకి పనిమనిషిని పెట్టుకునేటప్పుడు ఎంత విచారిస్తామో దీనికీ అంత విచారించాలి.

అనుమతి అడిగిన ప్రతిదీ చెడ్డదని నేననను. ప్రకటనలు ఆపేదానికి పేజీ చూడకపోతే పని జరగదు. ఇబ్బంది ఎక్కడంటే, ఈ రోజు మంచివాళ్ల చేతిలో ఉన్నది రేపు ఎవరి చేతికి పోతుందో మనకు చెప్పరు. గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. 20 లక్షల మందికి పైగా వాడారు. తయారు చేసినాయన 2020లో దాన్ని వేరేవాళ్లకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికర కోడ్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. వాడినవాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఏదీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయలేదు, మామూలు అప్‌డేట్ దారిలోనే వచ్చింది.

ఇంకోటి వెబ్ ఆఫ్ ట్రస్ట్. ఏ సైటును నమ్మవచ్చో చెప్పడమే దాని పని. అదే తన వాడుకదారులు తిరిగిన సైట్ల చిట్టాను సేకరించి బయటివాళ్లకు ఇస్తోందని 2016 నవంబరులో జర్మనీ టీవీ జర్నలిస్టులు బయటపెట్టారు.

అందుకే ఇక్కడి ఫైర్‌ఫాక్స్‌లో ఒకటే యాడ్-ఆన్ ఉంది: ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ఆయన 2014 నుంచి నడుపుతున్నాడు, విరాళాలు కూడా తీసుకోడు. ఇంకొకటి చేర్చాలనిపిస్తే నోట్‌బుక్‌లో రాయండి. దేనికి కావాలో, ఆ పని బ్రౌజర్ తానే చేయగలదేమో ముందు చూస్తాం. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్ చూడటం, ప్రకటనలు లేకుండా వ్యాసం చదవడం, వీటికి ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్ అక్కరలేదు. వ్యాసం తెరిచాక అడ్రస్ బార్‌లో కాగితం లాంటి బొమ్మ నొక్కితే రీడర్ వ్యూ వస్తుంది.

క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పని చేయడం ఆగిపోయింది. ఎందుకు?

క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చి, మ్యానిఫెస్ట్ వీ3 అన్న కొత్త పద్ధతి తెచ్చింది. పాత పద్ధతిలో రాసినవి 2025లో క్రోమ్‌లో ఆగిపోయాయి. కొత్త నియమాల కింద పనిచేసే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది కానీ దాని శక్తి తక్కువ. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కూడా కొనసాగిస్తోంది. మేం రెండో బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్‌ను ఉంచడానికి ఇది ముఖ్య కారణం.

బటన్‌ను టూల్‌బార్ నుంచి తీసేశాను, యాడ్-ఆన్ ఆగినట్టేనా?

ఆగలేదు! ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. ఫైర్‌ఫాక్స్‌లో పజిల్ ముక్క బొమ్మ నొక్కితే యాడ్-ఆన్‌ల జాబితా వస్తుంది. పక్కనున్న గేర్ నొక్కి పిన్ టు టూల్‌బార్‌కు టిక్ తీసేస్తే బొమ్మ లోపలికి వెళుతుంది, అంతే. యాడ్-ఆన్ వెనక నడుస్తూనే ఉంటుంది, పేజీలు చూస్తూనే ఉంటుంది. నిజంగా ఆపాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎ కలిపి నొక్కి, యాడ్-ఆన్‌ల పేజీలో దాని మీటను ఆఫ్ చేయాలి. ఇక వాడను అనుకుంటే రిమూవ్ చేసేయండి. రెండు నెలలుగా ఆఫ్‌లో ఉన్నది ఇక అవసరం రాదు.

హాల్ టికెట్ తెరుచుకోవడం లేదు, వెబ్ ఆప్షన్లు సేవ్ కావడం లేదు. ఏం చేయాలి?

నోట్‌బుక్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన ప్రశ్న ఇదే, అది కూడా గడువు చివరి రోజున. ముందు స్థిమితంగా కూర్చోండి.

చాలా పరీక్షల సైట్లు హాల్ టికెట్‌ను కొత్త విండోలో తెరుస్తాయి. బ్రౌజర్ దాన్ని పాపప్ ప్రకటన అనుకుని ఆపేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అప్పుడు పేజీ పైన ఒక పట్టీ వచ్చి, పాపప్ ఆపానని చెబుతుంది. అందులో ఆ సైటుకు మాత్రం అనుమతి ఇవ్వండి. మొత్తం పాపప్‌లనే తెరిచేయకండి.

పట్టీ ఏదీ రాకుండా బటన్ నొక్కినా కదలకపోతే ప్రకటనలు ఆపేదాని మీద అనుమానం పెట్టుకోవచ్చు. యూబ్లాక్ బొమ్మ నొక్కితే పెద్ద పవర్ బటన్ కనిపిస్తుంది. అది నొక్కి పేజీ రీలోడ్ చేస్తే ఆ ఒక్క సైటుకు ఆగుతుంది. ఫాల్కన్‌లో యాడ్‌బ్లాక్ బొమ్మ నొక్కి, ఆ సైటుకు ఆపే దారి ఎంచుకోండి.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పేరు మారినా ఇప్పటికీ అందరూ ఎంసెట్ అనే అంటున్నారు. ఆప్షన్లు పెట్టే రోజున పేజీని తెలుగులోకి మార్చే యాడ్-ఆన్, ఫారాలు తానే నింపే యాడ్-ఆన్, పేజీని నల్లగా చేసే డార్క్ మోడ్ యాడ్-ఆన్, అన్నీ ఆఫ్ చేయండి. కాలేజీ కోడ్‌లు, బ్రాంచి కోడ్‌లు రాసే గళ్ల మధ్య మూడో చేయి అక్కరలేదు. పోయిన సీజన్‌లో నర్సంపేట నుంచి కూతురితో వచ్చిన ఒకాయన ఇంట్లో గంటసేపు పెట్టిన ఆప్షన్లు సేవ్ కాలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో తొమ్మిది ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, అందులో ఆరు ఎవరు వేశారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ శుభ్రమైన ఫైర్‌ఫాక్స్‌లో మళ్లీ పెట్టాం, సేవ్ అయ్యాయి. ముందు కాగితం మీద వరస రాసుకుని రండి. కొద్దికొద్దిగా పెడుతూ సేవ్ చేయండి, చివరికి ప్రింట్ తీసుకోండి.

డబ్బు కట్టే పేజీ మధ్యలో ఆగితే మాత్రం వెంటనే రీలోడ్ చేయకండి. ఖాతాలోంచి డబ్బు పోయిందో లేదో ఫోన్‌లో మెసేజ్ చూసుకున్నాకే మళ్లీ ప్రయత్నించండి.

ఏ యాడ్-ఆన్ వల్ల తేడా వస్తోందో ఎలా పట్టుకోవాలి?

ఫైర్‌ఫాక్స్‌లో మొదట ప్రైవేట్ విండో తెరిచి అదే సైటుకు వెళ్లండి. మీరు అనుమతి ఇస్తే తప్ప ప్రైవేట్ విండోలో యాడ్-ఆన్‌లు నడవవు. అక్కడ పని జరిగితే తప్పు యాడ్-ఆన్‌లదే అనుకోవచ్చు. పాత కుకీల (సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తుల) వల్ల వచ్చిన తేడా కూడా అక్కడ కనిపించదు కాబట్టి, ఖాయంగా తెలియాలంటే హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్‌తో బ్రౌజర్‌ను మళ్లీ తెరవండి. అన్ని యాడ్-ఆన్‌లూ ఆగిన స్థితిలో తెరుచుకుంటుంది, ఏదీ చెరిగిపోదు.

తర్వాత సగం సగం పద్ధతి. ఎనిమిది ఉంటే నాలుగు ఆపండి. తేడా పోతే దొంగ ఆ నాలుగిట్లో ఉంది, పోకపోతే మిగతా నాలుగిట్లో. వాటిలో మళ్లీ రెండు. మూడు ప్రయత్నాల్లో దొరుకుతుంది. ఒక్కొక్కటే ఆపుతూ పోతే ఎనిమిది సార్ల దాకా చేయాల్సి రావచ్చు.

నెమ్మదిగా ఉందన్నదే ఫిర్యాదు అయితే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుని, ఎవరు ఎంత మెమరీ తింటున్నారో చూపిస్తుంది. ఫాల్కన్‌ను అయితే ఎక్స్‌టెన్షన్లు లేకుండా మొదలుపెట్టే ఆదేశం ఉంది. మా దగ్గర దాన్ని డెస్క్‌టాప్ మీద ‘ఫాల్కన్ ఖాళీ’ అన్న బొమ్మగా పెట్టాం.

తెలుగు అక్షరాలు చిన్నగా, విరిగినట్టు కనిపిస్తున్నాయి.

చిన్నగా ఉంటే కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కండి. జూమ్ పెంచే యాడ్-ఆన్ అవసరం లేదు. ఫైర్‌ఫాక్స్ ఆ సైటుకు ఆ సైజును గుర్తుపెట్టుకుంటుంది. ఫాంట్ సెట్టింగుల్లో తెలుగుకు విడిగా కనీస సైజు పెట్టుకోవచ్చు, 16 పెట్టండి.

ఒత్తులు విడిపోతే లినక్స్‌లో తెలుగు ఫాంట్లు లేవని అర్థం. నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు వేసుకుంటే సరిపోతుంది. అచ్చు పుస్తకం లాంటి అక్షరం ఇష్టమైతే పోతన ఫాంట్ ఉంది. మన పక్కనే పాలకుర్తి మండలం బమ్మెర ఊరి పోతన పేరు. కథలు, పద్యాలు చదివే పెద్దలకు మేం అదే పెట్టి ఇస్తున్నాం.

ఫాల్కన్‌లో బ్యాంకు పని చేసుకోవచ్చా?

వద్దు. బ్యాంకుకు ఫైర్‌ఫాక్స్ వాడండి. ఫాల్కన్ చిన్న బృందం నడిపే బ్రౌజర్. దాని లోపలి ఇంజిన్‌కు భద్రతా మార్పులు మీ లినక్స్ అప్‌డేట్లతో పాటు వస్తాయి, అప్‌డేట్ చేయని కంప్యూటర్‌లో పాత లోపాలు అలాగే ఉండిపోతాయి. కొన్ని సైట్లు దాన్ని గుర్తుపట్టక లాగిన్ కూడా ఇవ్వవు. ఇంకో మాట, ఎంత మంచి బ్రౌజర్ అయినా పది మంది కూర్చునే కంప్యూటర్‌లో బ్యాంకు తెరవకపోవడమే మేలు. తప్పనిసరైతే ప్రైవేట్ విండోలో తెరిచి, లాగౌట్ అయ్యి, విండో మూసేసి లేవండి.

ఫోన్‌లో ఇవన్నీ కుదురుతాయా?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోవచ్చు. 2023 డిసెంబరు నుంచి అక్కడ చాలా యాడ్-ఆన్‌లకు దారి తెరిచారు. అడ్రస్ బార్‌ను కిందికి మార్చుకుంటే ఒక చేత్తో వాడటం సులువు. ఫాల్కన్ ఫోన్‌కు లేదు.

ఇంట్లో ల్యాప్‌టాప్‌ను కూడా ఇలాగే చేసి ఇస్తారా?

చేసి ఇవ్వం, పక్కన కూర్చుని మీ చేతే చేయిస్తాం. అరగంట పని. ముందు బుక్‌మార్క్‌లను ఒక ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఏ యాడ్-ఆన్‌లు ఉన్నాయో కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కన చివరిసారి ఎప్పుడు వాడారో రాయండి. గుర్తు రానిది మొదట తీసేస్తాం. ఆ తర్వాత మెనూ, బుక్‌మార్క్‌ల వరసలు దాచి, వారం రోజులు అలాగే వాడమని పంపిస్తాం. వారం తర్వాత ఏ బటన్ కోసం చేయి వెతుక్కుందో అది ఒక్కటీ వెనక్కి పెట్టుకోవచ్చు. ఛార్జర్ తెచ్చుకోండి, గోడ వైపు ప్లగ్గులు రెండే ఉన్నాయి.